మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో గాలి, మబ్బు, ఎండ: ఒక సమీక్ష

మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు శంషాబాద్ రన్‌వే మీద నుంచి సెస్నా 172 అనే నాలుగు సీట్ల చిన్న విమానాన్ని నిండు బరువుతో పైకి లేపి చూస్తే, తెర మీద విమానం నడిపే ఆట అయిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ గురించి తెలుసుకోవలసిన మొదటి సంగతి అక్కడే తెలిసిపోతుంది. అదే విమానం, అదే బరువు, అదే రన్‌వే. జనవరి తెల్లవారుజామున హాయిగా లేచిన విమానం, మే ఎండలో నేలను వదలడానికి ఇంకా చాలా దూరం పరుగెడుతుంది. లేచిన తరువాత కూడా ఎక్కే వేగాన్ని చూపే ముల్లు బద్ధకంగా కదులుతుంది. ఈ రోజు ఎండ ఎక్కువగా ఉంది, జాగ్రత్త అని తెర మీద ఎక్కడా రాసి ఉండదు. వేడికి పలచబడిన గాలి ఇంజనుకూ, ప్రొపెల్లరుకూ, రెక్కలకూ చాలినంత పట్టు ఇవ్వకపోవడం వల్లనే ఆ విషయం మనకు అర్థమవుతుంది.

దీని వెనుక లెక్క తేలికైనదే. విమానయానంలో ప్రామాణిక వాతావరణం అంటే సముద్ర మట్టం దగ్గర 15 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, 1013.25 హెక్టోపాస్కల్ పీడనం. అక్కడి నుంచి పైకి వెళ్లే కొద్దీ ప్రతి కిలోమీటరుకు 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. శంషాబాద్ విమానాశ్రయం సముద్ర మట్టానికి 2,024 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి, ప్రామాణిక లెక్క ప్రకారం అక్కడ 11 డిగ్రీలు ఉండాలి. మే నెలలో 40 డిగ్రీలు ఉంటే, ఉండవలసిన దానికన్నా 29 డిగ్రీలు ఎక్కువ. ఒక్కో డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున కలుపుకుంటే, పీడనం మామూలుగానే ఉందనుకున్నా, ఆ విమానం దాదాపు 5,500 అడుగుల ఎత్తున్న చోటు నుంచి లేస్తున్నట్టే లెక్క. పైలట్లు డెన్సిటీ ఆల్టిట్యూడ్ అని పిలిచేది దీన్నే. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా మనసుకు పట్టని ఈ సంగతి, రన్‌వే చివరి గీతలు దగ్గర పడుతున్నా చక్రాలు ఇంకా నేల మీదే ఉన్నప్పుడు ఒక్కసారిగా ఒంటికి తెలుస్తుంది.

ఫ్రాన్స్‌లోని బోర్డో నగరానికి చెందిన అసోబో స్టూడియో తయారుచేసిన ఈ సిమ్యులేటర్ 2020 ఆగస్టు 18న కంప్యూటర్లకూ, 2021 జూలై 27న ఎక్స్‌బాక్స్ సిరీస్ యంత్రాలకూ వచ్చింది. దీని తరువాతి సంచిక 2024 నవంబరు 19న విడుదలైంది. ఉపగ్రహ చిత్రాలతో భూగోళం మొత్తాన్ని తెర మీదికి తెచ్చారన్న విషయం మీద ఇప్పటికే చాలామంది చాలా రాశారు. సొంత ఊరి మీద ఎగిరి, తమ వీధిని వెతుక్కుని మురిసిపోని వారు ఉండరు. అయితే ఆ ముచ్చట పది రోజులకు తీరిపోతుంది. నేను కొన్నేళ్లుగా దాదాపు ప్రతి సాయంత్రం దీని ముందు కూర్చోవడానికి కారణం మాత్రం నేలకూ, విమానానికీ నడుమ ఉన్న గాలి. అందుకే ఈ సమీక్షలో ప్రధానంగా 2020 సంచికలోని వాతావరణాన్నే పరిశీలించి, కొత్త సంచికలో మారినవాటిని చివర చెబుతాను.

వాతావరణాన్ని ఇందులో రెండు రకాలుగా పెట్టుకోవచ్చు. మొదటిది లైవ్ వెదర్. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం నుంచి పనిచేసే మీటియోబ్లూ అనే సంస్థ తన వాతావరణ అంచనాలను దీనికి అందిస్తుంది. భూమి చుట్టూ ఉన్న గాలినంతటినీ నేల నుంచి పైదాకా సుమారు 25 కోట్ల గడులుగా విడదీసి, ఒక్కొక్క గడిలో ఉష్ణోగ్రత ఎంత, తేమ ఎంత, గాలి ఎటు నుంచి ఎంత వేగంతో వీస్తోంది అన్నది లెక్కగట్టి పంపుతామని ఆ సంస్థ చెబుతుంది. సిమ్యులేటర్ ఆ అంకెలను తీసుకుని మబ్బులుగా, వానగా, గాలిగా మార్చి మనకు చూపిస్తుంది. ఇక్కడ ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. మనం తెర మీద చూసేది కిటికీ బయట ఈ క్షణాన ఉన్న ఆకాశం ఫొటో వంటిది కాదు. ఈ గంటకు ఆకాశం ఇలా ఉండాలి అని ఒక గణిత నమూనా వేసిన అంచనా అది. చాలా రోజుల్లో ఆ అంచనా ఆశ్చర్యపోయేంత దగ్గరగా ఉంటుంది. విశాఖలో మా బాల్కనీ నుంచి సముద్రం మీద కనిపించిన మబ్బుల వరుస, అదే వేళకు తెర మీద కూడా అదే దిక్కున, కొంచెం ఎడంగా కనిపించిన సాయంత్రాలు నాకు బాగా గుర్తు.

మొదట్లో ఈ అంచనాకూ, విమానాశ్రయాల నుంచి వచ్చే అసలు నివేదికలకూ పొంతన కుదరడం లేదని ఆడేవాళ్లు గట్టిగానే అడిగారు. ప్రతి ప్రధాన విమానాశ్రయం గాలి దిశ, వేగం, దృశ్యమానత, మబ్బుల ఎత్తు, ఉష్ణోగ్రత, పీడనం వంటి వివరాలతో మీటార్ అనే చిన్న నివేదికను గంటకో అరగంటకో ఒకసారి విడుదల చేస్తుంది. నిజం పైలట్లు దిగే ముందు చూసుకునేది దాన్నే. 2021 నవంబరులో వచ్చిన అప్‌డేట్‌తో ఈ నివేదికలను కూడా మీటియోబ్లూ అంచనాలో కలపడం మొదలుపెట్టారు. ఆ తరువాత రన్‌వే దగ్గరి గాలి, పీడనం నివేదికకు చాలావరకు సరిపోతున్నాయి. దూరపు ఆకాశం మాత్రం నమూనా చెప్పినట్టే నడుస్తుంది. ఈ రెండూ కలిసే చోట అతుకు కనిపించడం సహజం, విమానాశ్రయం చుట్టూ ఒక రకం మబ్బు, కాస్త దూరంలో మరో రకం మబ్బు ఉండటం అందులో భాగమే. కంటికి అది కొంచెం ఇబ్బందిగా ఉన్నా, దిగేటప్పుడు గాలి దిశ తప్పడం కన్నా ఇది ఎంతో నయమని నా అభిప్రాయం.

పీడనం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కంటికి కనిపించకుండానే ఆటను మార్చేసేది అదొక్కటే. విమానంలో ఎత్తును చూపే ఆల్టిమీటర్ నిజానికి గాలి ఒత్తిడిని కొలిచి, దాన్ని అడుగుల్లోకి మార్చి చూపిస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి తీరం దగ్గర పీడనం 1003కు పడిపోయిన రోజున, పరికరాన్ని 1013 దగ్గరే వదిలేస్తే అది మనం ఉన్న ఎత్తుకన్నా సుమారు 270 అడుగులు ఎక్కువగా చూపిస్తుంది. పైన ఉన్నామనుకుంటూ కిందికి వచ్చేస్తాం. మబ్బులు నేలకు దగ్గరగా ఉన్న రోజున ఆ 270 అడుగుల విలువ ఎంతో చెప్పనక్కర లేదు. కీబోర్డు మీద ఒక్క మీట నొక్కితే ఆల్టిమీటర్ సరైపోయే సౌకర్యం ఉన్నా, కొత్తవారు మొదటి కొన్ని వారాలు దాన్ని వాడకుండా, విమానాశ్రయం రేడియో చెప్పే అంకెను విని చేత్తో తిప్పుకోవాలని నా సలహా. అలా చేస్తే, మనం చుట్టూ ఉన్న గాలితో ప్రతి రోజూ కొత్తగా పరిచయం చేసుకుంటున్నట్టు ఉంటుంది.

రెండో పద్ధతిలో వాతావరణాన్ని మనమే అమర్చుకుంటాం. నిర్మలమైన ఆకాశం మొదలుకొని వాన, మంచు, తుపాను వరకు సిద్ధంగా ఉన్న అమరికలను ఎంచుకోవచ్చు, లేదా మబ్బులకు మూడు పొరలు, వేర్వేరు ఎత్తుల్లో గాలులు, ఉష్ణోగ్రత, పీడనం, వాన, మెరుపులు, గాలిలోని ధూళి అన్నింటినీ విడివిడిగా జరుపుకోవచ్చు. నేర్చుకునేవారికి ఇంతకు మించిన బడి లేదు. మన ఊరి గాలిని మనకు తెలిసినట్టు పెట్టుకుని, విమానం దానికి ఎలా స్పందిస్తుందో చూడవచ్చు.

విశాఖ విమానాశ్రయం రన్‌వే దాదాపు తూర్పు పడమరలుగా ఉంటుంది. సముద్రం వైపు నుంచి దిగడానికి వస్తుంటే ఎడమ పక్కన డాల్ఫిన్స్ నోస్, దాని వెనుక యారాడ కొండలు కనిపిస్తాయి. ఒక ఆదివారం దక్షిణం నుంచి 15 నాట్ల (గంటకు సుమారు 28 కిలోమీటర్ల) గాలిని అమర్చుకుని ఆ దారిలో దిగుతున్నాను. పోర్టులో పనిచేసి రిటైరైన మా నాన్నగారు వెనుక నిలబడి తెర చూస్తూ, గాలి ఎటు పెట్టావని అడిగారు. దక్షిణపు గాలి అని చెప్పాను. "కొండ చాటుకొస్తే గాలి ఆగిపోయినట్టే ఉంటాదిరా, దాటీసరికి ఒక్కసారి కొట్టేస్తాది. సూసుకో" అన్నారు. ఆయన చెప్పింది పడవల సంగతి. తెర మీద జరిగింది కూడా అదే. కొండకు ఇవతలి వైపుకు రాగానే విమానం ఎవరో కింది నుంచి పట్టు వదిలేసినట్టు జారింది, చాటు దాటిన క్షణంలో ఎడమ రెక్క పైకి లేచింది. ముక్కును గాలి వైపు, అంటే ఎడమకు తిప్పి పట్టుకుని, చక్రాలు తగిలే ముందు మళ్లీ రన్‌వే గీత వైపు తెచ్చుకోవలసి వచ్చింది. నాన్నగారు ఆ తరువాత అరగంట కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయన ఒక వీడియో గేమ్‌ను అంతసేపు చూడటం నేనెప్పుడూ చూడలేదు.

ఆ కుదుపును ఎవరో ముందే ఆ చోట పెట్టి ఉంచలేదు. వీచే గాలి నేల ఆకారాన్ని బట్టి కొండ ఎదుటి వాలున పైకి ఎక్కి, వెనుక వాలున కిందికి జారేలా సిమ్యులేటర్ అప్పటికప్పుడు లెక్క వేస్తుంది. గాలి దిశ మార్చితే జారే చోటు మారిపోతుంది. విమానాన్ని కూడా ఒకే వస్తువుగా చూడకుండా, దాని ఉపరితలాన్ని వెయ్యికి పైగా భాగాలుగా విభజించి, ఒక్కో భాగం మీద గాలి ఎంత ఒత్తిడి పెడుతోందో విడిగా లెక్కిస్తారు. అందుకే ఒక రెక్క కొండ చాటున, మరో రెక్క బయటి గాలిలో ఉన్నప్పుడు విమానం ఒక పక్కకు ఒరుగుతుంది. లేహ్ వంటి చోట ఈ లెక్క విలువ మరింత తెలుస్తుంది. 10 వేల అడుగులకు మించిన ఎత్తున, కొండల నడుమ ఉన్న ఆ విమానాశ్రయానికి ప్రయాణికుల విమానాలు ప్రధానంగా పొద్దున పూటే ఎందుకు నడుస్తాయో, మధ్యాహ్నం గాలులు పెట్టుకుని ఒకసారి దిగి చూస్తే ఎవరూ చెప్పనక్కర లేకుండానే అర్థమవుతుంది.

2022 నవంబరులో, ఫ్లైట్ సిమ్యులేటర్ పేరుతో వస్తున్న ఆటల వరుస నలభయ్యేళ్ల పండుగ సందర్భంగా వచ్చిన ఉచిత సంచికతో హెలికాప్టర్లూ, గ్లైడర్లూ వచ్చాయి. ఇంజను లేని గ్లైడర్‌కు గాలి తప్ప వేరే ఆధారం లేదు కాబట్టి, ఈ సిమ్యులేటర్ గాలికి అసలు పరీక్ష అదేనని నాకనిపిస్తుంది. ఎండకు వేడెక్కిన నేల నుంచి పైకి లేచే గాలి స్తంభాన్ని వెతికి పట్టుకుని, దాని లోపల గుండ్రంగా తిరుగుతూ ఎత్తు సంపాదించుకోవాలి. మధ్యాహ్నం దక్కను పీఠభూమి మీద, దూదిపింజల్లాంటి మబ్బు ఒకటి అప్పుడే కట్టుకుంటున్న చోటికి వెళ్లి దాని కింద చేరితే, ఎక్కుడు దిగుడులను శబ్దంతో చెప్పే పరికరం నెమ్మదిగా కూత మొదలుపెడుతుంది. స్తంభం నడిబొడ్డుకు చేరితే కూత వేగం పెరుగుతుంది, అంచు దాటితే ఒక్కసారిగా మూలుగులోకి దిగిపోతుంది. కళ్లు మూసుకుని కూడా గాలి ఎక్కడుందో చెప్పగలిగే అనుభవం ఇది. గంటన్నర సేపు ఇంజను చప్పుడు లేకుండా తేలుతూ ఉంటే, వాతావరణం అన్న మాటకు ఉన్న అర్థమే వేరుగా వినిపిస్తుంది.

మబ్బులూ, వెలుతురూ ఈ సిమ్యులేటర్‌కు అందరూ ఇచ్చే మొదటి మార్కులు. అవి న్యాయమైనవే. పాత ఆటల్లో మబ్బు అంటే ఆకాశానికి అతికించిన బొమ్మ, దగ్గరికి వెళితే అట్టముక్కలా పక్కకు తిరిగేది. ఇక్కడ మబ్బుకు లోపలి భాగం ఉంది. మన కంటి నుంచి బయలుదేరిన ప్రతి చూపు రేఖ వెంట అడుగడుగునా మబ్బు ఎంత చిక్కగా ఉందో, సూర్యుడి వెలుగు అక్కడికి ఎంత చేరుతోందో లెక్కవేసి రంగు తేలుస్తారు. అందువల్ల సూర్యుడి వైపు అంచు వెండిలా మెరుస్తుంది, కడుపు భాగం నీలి బూడిద రంగులో ఉంటుంది, లోపలికి దూరితే రెక్క కొన కూడా కనిపించకుండా తెల్లబడిపోతుంది. ఆకాశపు నీలం కూడా ముందే వేసి పెట్టిన రంగు కాదు. గాలి అణువులు నీలి కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి, ధూళీ తేమా అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా చెదరగొట్టి దూరాన్ని పాలిపోయేలా చేస్తాయి. ఈ రెంటినీ లెక్కలోకి తీసుకోవడం వల్లనే, ధూళి మీటను కాస్త పైకి జరిపితే చాలు, డిసెంబరు ఉదయం హైదరాబాద్ మీద కనిపించే మసక తెర సరిగ్గా అలాగే పరుచుకుంటుంది. 35 వేల అడుగుల మీద తల పైన ఆకాశం ముదురు నీలంగా మారుతుంది.

వాన కూడా శ్రద్ధగా చేసిన పనే. నేల మీద ఆగి ఉన్నప్పుడు కాక్‌పిట్ అద్దం మీద చినుకులు కిందికి జారతాయి. రన్‌వే మీద వేగం పెరిగే కొద్దీ ఒక్కొక్కటిగా ఆగి, వణికి, పైకీ పక్కలకూ పరుగు తీస్తాయి. మొదటిసారి చూసినప్పుడు టేకాఫ్ ఆపేసి, మళ్లీ మొదటి నుంచి ఆ చినుకులను చూడటానికే పరుగు పెట్టాను.

ఇక లోపాలు. లెక్కలోని గడులు అడుగున కిలోమీటర్ల వెడల్పు ఉంటాయి కాబట్టి, అంతకన్నా చిన్న సంగతులు వాటిలో పట్టవు. చలికాలం తెల్లవారుజామున లంబసింగి దగ్గర, వంజంగి కింద లోయలో పాలసముద్రంలా నిలిచే పొగమంచు అలాంటిదే. లైవ్ వెదర్‌లో అది ఆ రూపంలో దొరుకుతుందని ఆశ పెట్టుకోకూడదు. వేసవి సాయంత్రం ఉన్నట్టుండి లేచే ఈదురుగాలీ, పిడుగుల వానా కూడా నమూనాకు అందడం కష్టం. మరో లోటు ఉరుము మబ్బుల నిర్మాణంలో ఉంది. నిజమైన కారుమబ్బు పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు లేచి, పైన కమ్మరి దాగలిలా విప్పారుతుంది, దాని లోపలి గాలి పెద్ద విమానాలను కూడా ఆటబొమ్మల్లా విసిరేయగలదు. 2020 సంచికలో ఆ ఆకారం అరుదుగానే కుదురుతుంది, లోపలి తీవ్రత కూడా నిజానికి చాలా తక్కువ. తుపాను మబ్బులోకి దూరి క్షేమంగా బయటకు రావచ్చన్న తప్పుడు ధైర్యం నేర్చుకునేవారికి రాకూడదు. ఇంత జాగ్రత్తగా చేసిన పనిలో ఇది చిన్న లోపం కాదని నేననుకుంటాను.

తుపానుల గురించి ఇంకొక మాట. ఆట విడుదలైన తొమ్మిది రోజులకే, అంటే 2020 ఆగస్టు 27న, లారా తుపాను అమెరికాలోని లూసియానా తీరాన్ని తాకింది. లైవ్ వెదర్ పెట్టుకుని ఎంతోమంది దాని కన్ను దాకా ఎగిరి తీసిన చిత్రాలు అప్పట్లో వార్తల్లో వచ్చాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్లకు దక్షిణంగా తీరం దాటిన మధ్యాహ్నం నేను కూడా గన్నవరం నుంచి బయలుదేరాను. తుపాను కేంద్రం దక్షిణాన ఉంది కాబట్టి గాలి తూర్పు నుంచి రావాలి, అలాగే వచ్చింది. తీరం వైపు వెళ్లే కొద్దీ పీడనం తగ్గుతూ పోయింది. పాఠ్యపుస్తకంలో బాణం గుర్తులతో గీసిన సుడిని లోపలి నుంచి చదువుతున్నట్టు ఉంది. కానీ ఆ నేల మీద అదే గంటలో కోతకు వచ్చిన వరి నీట మునుగుతోందని తెలుసు. పది నిమిషాలకు మించి ఉండబుద్ధి కాలేదు.

అయితే నేను నిజంగా ఎగరాలనుకునే రోజు వేరే ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా ఊరి మీదికి వచ్చింది, విమానాశ్రయం టెర్మినల్ పైకప్పును కూడా వదలలేదు. కిటికీలు మూసుకుని ఇంట్లో కూర్చున్న మాకు ఆ రోజు చప్పుడే తెలుసు. గాలి ఎటు నుంచి మొదలైంది, మధ్యలో ఎందుకు నిమ్మళించింది, మళ్లీ ఎదుటి దిక్కు నుంచి ఎందుకు వచ్చింది అన్నది ఇప్పటికీ ఇంట్లో మాట్లాడుకుంటాం. ఆ రోజు గాలిని తెర మీదికి తెచ్చుకునే వీలు ఇందులో లేదు. 2020 సంచికలో తేదీని వెనక్కి తిప్పితే సూర్యుడి స్థానం మారుతుంది గానీ, లైవ్ వెదర్ ఈనాటిదిగానే ఉంటుంది. గడిచిన వాతావరణ సమాచారం ప్రపంచంలో నిక్షేపంగా దాచి ఉంది. దాన్ని ఇలాంటి సిమ్యులేటర్‌కు జోడిస్తే తీరప్రాంత బడుల్లో పిల్లలకు తుపానును చూపించి చెప్పవచ్చు. అసోబో నుంచి నేను అన్నిటికన్నా ఎక్కువగా కోరుకునేది ఇదే.

దీనికి పోటీగా నిలిచే ఎక్స్-ప్లేన్ 12 కూడా అసలు వాతావరణ సమాచారాన్ని వాడుతుంది. తడిసిన రన్‌వే మీద బ్రేకులు పట్టు తప్పడం వంటి విషయాల్లో దాని శ్రద్ధ మెచ్చుకోదగినది. మబ్బుల అందంలో, నేల ఆకారానికి గాలి స్పందించే తీరులో మాత్రం నా ఓటు మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌కే.

కొనాలనుకునేవారు యంత్రం సంగతి చూసుకోవాలి. 2020 సంచికకు 150 గిగాబైట్ల చోటు, కనీసం 8 గిగాబైట్ల ర్యామ్ అడుగుతారు. మబ్బులను మబ్బులుగా చూడాలంటే 16 తప్పనిసరి అనుకోవాలి. క్లౌడ్స్ సెట్టింగును తక్కువలో పెడితే అంచులు ఇసుక చల్లినట్టు గరుకుగా కనిపిస్తాయి, కాబట్టి భవనాల వివరం తగ్గించుకుని అయినా మబ్బులను ఎక్కువలోనే ఉంచడం మంచిది. 2024 సంచిక డిస్క్ మీద 50 గిగాబైట్లే అడిగినా, మిగతాదంతా ఎగురుతున్నప్పుడే నెట్ నుంచి తెచ్చుకుంటుంది. సిఫారసు చేసిన నెట్ వేగం 50 ఎంబీపీఎస్. విడుదలైన రోజున ఒక్కసారిగా వచ్చి పడిన జనాన్ని సర్వర్లు తట్టుకోలేకపోయాయని తయారీదారులే చెప్పారు. పల్లెటూళ్లలో నెట్ నిలకడగా లేనివారికి పాత సంచికే సుఖం. కొత్తదానిలో రుతువులు, సుడిగాలులు, ధ్రువాల దగ్గరి వెలుగులు, మెరుగైన పొగమంచు వచ్చాయి.

కొత్త సంచికను నేను తీసుకున్నది మాత్రం వేడిగాలి బెలూన్ కోసం. దానికి చుక్కాని లేదు, రెక్కలు లేవు. మంటను పెంచితే పైకి, ఆపితే కిందికి, అంతే. పక్కలకు వెళ్లాలంటే మనకు కావలసిన వైపు వీచే గాలి ఏ ఎత్తులో ఉందో వెతుక్కుని అక్కడికి చేరాలి. కింద తూర్పు నుంచి సముద్రపు గాలిని, రెండు వేల అడుగుల మీద పడమటి గాలిని అమర్చుకుని భీమిలి ఇసుక మీద నుంచి లేచాను. మొదట గాలి నన్ను ఊరి మీదుగా లోపలికి తీసుకెళ్లింది. మంట పెంచి పైపొరకు చేరగానే బుట్ట ఒక్క క్షణం ఊగి, నిదానంగా వెనక్కి, నీళ్ల వైపు మళ్లింది. తీరం దాటిపోకముందే మంట ఆపి కింది గాలిలోకి దిగాను. మూడు ప్రయత్నాల తరువాత, లేచిన చోటుకు పది బారల దూరంలో ఇసుక మీద బుట్ట ఆనింది.